కంప్యూటర్ తొందరపడి కలిపేసిన బుడగలు

ఈ వారం ఒక చిన్న పని చేయండి. గ్లాసులో సోడా పోసి, దాని ముందు ఫోన్ కదలకుండా పెట్టి స్లో మోషన్‌లో వీడియో తీయండి. గ్లాసు గోడకి అంటుకుని చిన్న చిన్న బుడగలు పెరుగుతుంటాయి. పక్కపక్కనే ఉన్న రెండు బుడగలు ఒకదానికొకటి తగిలే దాకా ఓపిక పట్టండి. ఇప్పుడు వీడియోని ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ చూడండి. ఈ ఫ్రేమ్‌లో రెండు బుడగలు. తర్వాతి ఫ్రేమ్‌లో ఒక్కటే.

మధ్యలో ఏం జరిగింది? మీ ఫోన్ చూడలేదు. సెకనుకి 240 ఫ్రేములు తీసే ఫోన్ కూడా నాలుగు మిల్లీసెకన్లకి ఒకసారే కన్ను తెరుస్తుంది. ఆ కన్ను మూసి తెరిచే లోపు పని అయిపోయింది.

ఆ నాలుగు మిల్లీసెకన్ల కథ తెలుసుకుందామనే ఎంటెక్‌లో నేను బుడగల ప్రాజెక్టు తీసుకున్నాను. కెమెరాతో కాదు, కంప్యూటర్‌తో. నీళ్లు, గాలి, గురుత్వాకర్షణ అన్నీ సమీకరణాలుగా రాసి, ఒకదాని కింద ఒకటి రెండు బుడగల్ని వదిలిపెడితే ఎలా కలుస్తాయో లెక్కగట్టడం. సిమ్యులేషన్ అంటే అదే. రాత్రంతా రన్ అయింది. పొద్దున చూస్తే అద్భుతం! కింది బుడగ పై బుడగ వెనకాలే వేగం పుంజుకుని వెళ్లి, దాన్ని తాకి, రెండూ వేరుశనగ కాయలా అయ్యి, ఊగి ఊగి చివరికి ఒకే గుండ్రటి బుడగ. నీలం రంగు వేసి వీడియో చేశాను. హాస్టల్లో సగం మంది స్టేటస్‌లో అదే.

గైడ్ సార్‌కి చూపించాను. రెండుసార్లు చూశారు. "బాగుంది. గడి సైజు సగం చేసి మళ్లీ రన్ చెయ్" అన్నారు. అంతే.

ఆ ఒక్క మాట నా ఎనిమిది నెలల పనిని తలకిందులు చేసింది. ఎలాగో చెప్పే ముందు అసలు బుడగలు ఎందుకు కలుస్తాయో చూద్దాం.

కలవాలనే ఉంటుంది, కానీ...

నీటి అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటాయి. అందుకే నీటి ఉపరితలం సాగదీసిన రబ్బరు పొరలా, వీలైనంత చిన్నగా అయిపోదామని చూస్తుంది. స్కూల్లో చదివిన తలతన్యత ఇదే. బుడగ గుండ్రంగా ఉండేది దీనివల్లే. ఆ పొర నొక్కడం వల్ల లోపలి గాలికి బయటి నీటికన్నా కాస్త ఎక్కువ పీడనం ఉంటుంది. బుడగ ఎంత చిన్నదైతే ఆ పీడనం అంత ఎక్కువ. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న బుడగలో ఈ అదనపు పీడనం 144 పాస్కల్స్. అంటే ఒకటిన్నర సెంటీమీటర్ల లోతు నీటి బరువు, ఏమంత లెక్కలోకి రాదు. అదే బుడగ మైక్రాన్ వ్యాసార్ధానికి, అంటే వెయ్యో వంతుకి తగ్గితే? అదనపు పీడనం వెయ్యి రెట్లు. మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనానికి దాదాపు ఒకటిన్నర రెట్లు!

ఒకే సైజున్న రెండు మిల్లీమీటరు బుడగలు కలిసి ఒకటైతే మొత్తం ఉపరితలం సుమారు 21 శాతం తగ్గుతుంది. ఉపరితలం తగ్గితే శక్తి ఆదా. కాబట్టి ప్రకృతి పరంగా చూస్తే బుడగలు ఎప్పుడూ కలవడానికి సిద్ధమే. మరి తాకిన వెంటనే ఎందుకు కలవవు?

ఎందుకంటే అవి నిజంగా తాకవు. మధ్యలో నీళ్లుంటాయి. రెండు బుడగలూ దగ్గరయ్యేకొద్దీ ఆ నీళ్లు పలచటి పొరగా మారి పక్కలకి జారిపోవాలి. మొదట్లో త్వరగా జారతాయి. పొర సన్నబడేకొద్దీ జారడం కష్టమవుతుంది. చివరికి కొన్ని పదుల నానోమీటర్ల మందం మిగిలినప్పుడు, అణువుల మధ్య ఉండే ఆకర్షణ ఆ పొరని చింపేస్తుంది. ఎక్కడో ఒకచోట చిన్న రంధ్రం. అంతే, తలతన్యత ఆ రంధ్రాన్ని విప్పుకుంటూ పోతుంది. మీ ఫోన్ చూడలేకపోయింది ఆ విప్పుకోవడాన్నే.

మీ తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. రెండు బుడగలు కలవాలా వద్దా అని తేల్చేది దాంట్లో వెయ్యో వంతు మందమున్న నీటి పొర.

ఇంకో తమాషా ఉంది. గట్టిగా ఢీకొడితే త్వరగా కలుస్తాయి అనుకుంటాం కదా? ఉల్టా! వేగం ఒక హద్దు దాటితే బుడగలు బంతుల్లా ఎగిరి వెనక్కి వెళ్లిపోతాయి. గట్టిగా గుద్దుకున్నప్పుడు వాటి ముఖాలు చదునుగా అణిగి, మధ్యలో పెద్ద వెడల్పైన నీటి పొర చిక్కుకుంటుంది. అన్ని నీళ్లు జారిపోవడానికి టైమ్ పడుతుంది. ఆ లోపే బుడగలు వెనక్కి మళ్లుతాయి. నెమ్మదిగా దగ్గరికొచ్చినవి మాత్రం కలుస్తాయి.

కంప్యూటర్‌కి కనిపించని పొర

ఇప్పుడు కంప్యూటర్ సంగతి. ద్రవాల కదలికకి నేవియర్-స్టోక్స్ సమీకరణాలు ఉన్నాయి. పేరు విన్నారేమో, త్రీడీలో వీటికి ఎప్పుడూ సజావైన పరిష్కారం ఉంటుందో లేదో నిరూపిస్తే క్లే ఇన్‌స్టిట్యూట్ పది లక్షల డాలర్లు ఇస్తానని 2000లో ప్రకటించింది. కంప్యూటర్ అంత గొప్ప నిరూపణ జోలికి పోదు. నీళ్లున్న డబ్బాని చిన్న చిన్న గడులుగా కోసి, ఒక్కో గడిలో వేగం, పీడనం ఎంతో లెక్కేసుకుంటూ పోతుంది.

మరి గాలెక్కడ, నీళ్లెక్కడ అని దానికి ఎలా తెలుస్తుంది? 1981లో హర్ట్, నికోల్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సులువైన ఉపాయం ప్రచురించారు. ప్రతి గడికీ 0 నుంచి 1 మధ్య ఒక అంకె ఇవ్వండి. నిండా నీళ్లుంటే 1. నిండా గాలి ఉంటే 0. సగం సగం ఉంటే 0.5. దీన్నే వాల్యూమ్ ఆఫ్ ఫ్లూయిడ్ పద్ధతి అంటారు. నేను వాడింది ఇదే. ఇవాళ ఉచితంగా దొరికే ఓపెన్‌ఫోమ్, బాసిలిస్క్ లాంటి సాఫ్ట్‌వేర్లలోనూ ఇది ఉంది.

చిక్కు ఎక్కడంటే, నా గడి సైజు 50 మైక్రాన్లు. బుడగల మధ్య పొర దానికన్నా సన్నబడిన క్షణం నుంచి కంప్యూటర్‌కి ఆ పొర పొరలా కనిపించదు. "ఈ గడిలో కొంచెం నీళ్లున్నాయి" అని మాత్రమే తెలుస్తుంది. తక్కువ రిజల్యూషన్ ఫొటోలో రెండు మేడల మధ్య కరెంటు తీగ మాయమైపోతుంది చూడండి, అలా. పొర కనబడకపోతే బుడగలు రెండూ ఒకటే అనుకుని కలిపేస్తుంది. అసలు నీళ్లలో అయితే ఆ పొర ఇంకా వెయ్యి రెట్లు సన్నబడాలి! ఆ లోపు బుడగలు విడిపోయినా విడిపోవచ్చు.

సార్ చెప్పినట్టు గడి సైజు సగం చేశాను. త్రీడీలో సైజు సగమైతే గడులు ఎనిమిది రెట్లవుతాయి. గడి చిన్నదైతే టైమ్‌ని కూడా చిన్న అడుగులుగా కోయాలి. మొత్తమ్మీద పదహారు రెట్ల పని. ఒక రాత్రి పట్టిన రన్ రెండు వారాలు దాటింది. ఈసారి కూడా బుడగలు కలిశాయి. కాకపోతే ముందుకన్నా ఆలస్యంగా, ముందుకన్నా పైకి వెళ్లాక.

సార్ అడిగారు. "నీళ్లు మార్చావా?" లేదు సార్. "గాలి మార్చావా?" లేదు సార్. "మరి మారింది గడి సైజు ఒక్కటే. అంటే నువ్వు కనిపెట్టింది బుడగల గురించి కాదు, నీ గడుల గురించి."

ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

పోనీ గడుల్ని నిజంగానే పొరకి తగ్గట్టు చిన్నగా కోస్తే? లెక్క వేద్దాం. ఒక మిల్లీమీటరు ఘనం తీసుకుని 10 నానోమీటర్ల గడులుగా కోయాలి. ఒక్కో వైపు లక్ష గడులు. మొత్తం 1 పక్కన 15 సున్నాలు, అంటే పది కోట్ల కోట్ల గడులు. గడికి ఒకే ఒక్క అంకె దాచుకున్నా 80 లక్షల జీబీ కావాలి. 128 జీబీ ఫోన్లు 62,500 నింపాలి. అదీ ఒకే ఒక్క క్షణానికి, ఒక ఆవగింజంత నీళ్లకి!

అన్నిచోట్లా కాకుండా బుడగ అంచుల దగ్గర మాత్రమే గడుల్ని చిన్నవి చేసే పద్ధతులున్నాయి. వాటితో పని బాగా తగ్గుతుంది. అయినా నానోమీటర్ల దాకా దిగడం కష్టమే.

దీనికి పూర్తిగా వేరే దారి ఇంకొకటి ఉంది. బుడగ అంచుని చేపల వలలాంటి చుక్కల జాలీగా గీసి, ఆ చుక్కలు ఎటు కదులుతున్నాయో వెంబడించడం. ఫ్రంట్ ట్రాకింగ్ అంటారు. ఇందులో సమస్య అటు తిరిగింది. రెండు జాలీలు ఎంత దగ్గరికొచ్చినా వాటంతట అవి కలవవు. ప్రోగ్రామ్ రాసేవాళ్లే "పొర ఇంత సన్నబడితే కలిపెయ్" అని చెప్పాలి. ఒక పద్ధతేమో కనబడినవాళ్లందరికీ పెళ్లి చేసేసే పేరయ్య. ఇంకొకటి ముహూర్తం మనం చెబితే తప్ప పుస్తకం తెరవని పంతులుగారు. రెండు దారుల్లోనూ ఆ ముహూర్తం నీళ్లు పెట్టింది కాదు.

బర్క్‌లీ వాళ్ల ఉపాయం

2013లో అమెరికాలోని బర్క్‌లీ నుంచి రాబర్ట్ సేయ్, జేమ్స్ సేథియన్ అనే ఇద్దరు గణితవేత్తలు సైన్స్ పత్రికలో ఒక పేపర్ వేశారు. వాళ్లు తీసుకుంది సబ్బు నురగ. నురగలో పక్కపక్కన ఉండే బుడగల మధ్య గోడ పగిలితే అవి రెండూ కలిసిపోయినట్టే కదా. అంటే సమస్య అదే.

అన్నిటినీ ఒకే గడుల్లో ఇరికించడం వాళ్లు మానేశారు. కథని మూడు అంకాలుగా విడగొట్టారు. మొదటి అంకంలో బుడగలు సర్దుకుంటాయి. గోడలకి అసలు మందమే లేనట్టు లెక్క వేస్తారు, మందం ఎంతో పక్కన రాసిపెట్టుకుంటారు. రెండో అంకంలో బుడగలు కదలవు, గోడల్లోని ద్రవం మాత్రం నెమ్మదిగా కిందికి జారి గోడలు పలచబడతాయి. దానికి పలచటి పొరల కోసం ఉన్న వేరే సమీకరణాలు. మూడో అంకంలో బాగా సన్నబడిన గోడ పగులుతుంది. నురగ మొత్తం కుదుపుకి లోనై మళ్లీ సర్దుకోవడం మొదలు, అంటే మళ్లీ మొదటి అంకం. పొర మీద కనబడే ఇంద్రధనుస్సు రంగుల్ని కూడా మందాన్ని బట్టి లెక్కగట్టి చూపించారు. ఇంత తెలివిగా విడగొట్టినా, సూపర్ కంప్యూటర్ మీద అయిదు రోజులు పట్టింది.

నాకు అందులో నచ్చింది రంగులు కాదు. ఏ అంకంలో దేన్ని వదిలేస్తున్నారో వాళ్లకి తెలుసు. వదిలేసిన మందాన్ని పారేయలేదు, పక్కన రాసి పెట్టుకున్నారు. నా వీడియోలో ఏం వదిలేశానో నాకే తెలియదు.

బుడగలు కలిస్తే మనకేంటి?

దోసె పెనం బాగా కాలాక నీళ్లు చిలకరిస్తే చుక్కలు ఆవిరైపోకుండా పెనం మీద గంతులేస్తాయి కదా. చుక్క కింద ఆవిరి పొర ఏర్పడి, పెనం వేడిని చుక్క దాకా సరిగ్గా రానివ్వదు. ఇప్పుడు దీన్ని అణు రియాక్టర్‌లో ఊహించండి. ఇంధన కడ్డీల వేడిని నీళ్లు తీసుకెళ్లాలి. కడ్డీ మీద విడివిడిగా బుడగలు పుట్టి లేచిపోతుంటే మంచిదే, వేడిని బాగా లాక్కెళతాయి. కానీ వేడి ఒక హద్దు దాటితే ఆ బుడగలు ఒకదానితో ఒకటి కలిసి కడ్డీ మీద ఆవిరి దుప్పటి కప్పేస్తాయి. వేడి బయటికి పోలేదు. కడ్డీ ఉష్ణోగ్రత ఒక్కసారిగా పైకి లేస్తుంది. జపాన్ శాస్త్రవేత్త నుకియామా 1934లోనే వేడి తీగతో నీళ్లు మరిగించి ఈ లెక్కకి పునాది వేశారు. రియాక్టర్ డిజైన్ చేసేవాళ్లు ఆ హద్దుకి చాలా దూరంగా ఉండాలి. బుడగలు ఎప్పుడు కలుస్తాయో కంప్యూటర్ తప్పు చెబితే, ఆ హద్దు కూడా తప్పు చోట గీస్తాం.

మన కోస్తాకి రండి. రొయ్య పిల్లల్ని పెంచే హేచరీల్లో ట్యాంకు అడుగున ఎయిర్ స్టోన్లు పెట్టి గాలి వదులుతారు. ఇంట్లో అక్వేరియంలో బుడబుడమనేది కూడా అదే. ఒక మిల్లీమీటరు వ్యాసమున్న ఒక్క బుడగలోని గాలిని పదో వంతు వ్యాసమున్న చిన్న బుడగలుగా చేస్తే వెయ్యి వస్తాయి. మొత్తం ఉపరితలం పది రెట్లు. పైగా మీటరు లోతు నుంచి పెద్ద బుడగ పది సెకన్ల లోపే పైకొచ్చి పగిలిపోతుంది. చిన్నది దాదాపు మూడు నిమిషాలు నీళ్లలోనే ఉంటుంది. ఆక్సిజన్ కరగడానికి అంత టైమ్ దొరుకుతుంది. అదే బుడగలు దారిలో ఒకదానితో ఒకటి కలిసి పెద్దవైపోతే, మోటారుకి కట్టిన కరెంటు బిల్లులో చాలా భాగం పైకి తేలి గాలిలో కలిసిపోయినట్టే.

సముద్రపు నీరు ఇక్కడ ఒక మేలు చేస్తుంది. ఉప్పు బుడగల్ని అంత తేలిగ్గా కలవనివ్వదు! సబ్బు అయితే నీటి తలతన్యతని తగ్గించి, పొరని కాపాడుతుంది. ఉప్పు అలా కాదు, తలతన్యతని కొంచెం పెంచుతుంది. అయినా లీటరుకి ఆరు గ్రాముల దగ్గర నుంచి దాని ప్రభావం బాగా కనబడుతుంది. సముద్రంలో లీటరుకి సుమారు 35 గ్రాములుంటుంది కాబట్టి అలల నురగలో బుడగలు అంత సన్నగా ఉంటాయి. 1993లో క్రెయిగ్, నిన్‌హామ్, పాష్లీ అనే శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియా నుంచి నేచర్ పత్రికలో ఇంకా వింత విషయం చెప్పారు. అన్ని లవణాలూ ఇలా ఆపవు. మామూలు ఉప్పు ఆపుతుంది. అదే క్లోరైడ్ ఉన్న హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆపదు. ఎందుకు? అందరూ ఒప్పుకున్న జవాబు ఇప్పటికీ లేదు. ఆ నానోమీటర్ల పొర లోపల అయాన్లు ఏం చేస్తున్నాయో ఇప్పుడు ఒక్కో అణువునీ లెక్కగట్టే సిమ్యులేషన్లతో వెతుకుతున్నారు.

అంటే, నా 50 మైక్రాన్ల గడుల్లో ఉప్పు నీళ్లు పోసినా, మంచి నీళ్లు పోసినా బుడగలు దాదాపు ఒకేలా కలిసిపోయేవి. దానికి అసలు తేడాయే తెలియదు.

ఆ ఒక్క లైను

చివరికి నా థీసిస్‌లో వీడియో బొమ్మలు ఉన్నాయి. సార్ పట్టుబట్టి వాటి కింద ఒక లైను రాయించారు: "కలిసే సమయం గడి సైజు మీద ఆధారపడి ఉంది. దీన్ని ప్రయోగ ఫలితంగా తీసుకోరాదు." నాకు చాలా చిన్నతనంగా అనిపించింది. ఇంత కష్టపడి చివర్లో "నమ్మొద్దు" అని రాసుకోవడమేంటి? కానీ మిగతా పని, అంటే బుడగ ఎంత వేగంగా లేస్తుంది, వెనక బుడగని ఎలా లాగుతుంది అన్నవి గడులు మార్చినా పెద్దగా మారలేదు. వాటిని నిశ్చింతగా రాశాను. ఆ లైను లేకపోతే ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో చదివేవాళ్లకి తెలిసేది కాదు. నాకూ తెలిసేది కాదు.

ఇవాళ ఫోన్ తెరిస్తే తుఫాను దారి, ట్రాఫిక్, క్రికెట్‌లో గెలిచే శాతం, అన్నీ ఎక్కడో ఒక కంప్యూటర్ లెక్క నుంచో, సిమ్యులేషన్ నుంచో వస్తున్నాయి. చాలావరకు పనికొచ్చేవే. కానీ ఎంత అందంగా కదిలే బొమ్మ చూసినా నాకు సార్ ప్రశ్నే గుర్తొస్తుంది. గడి సైజు సగం చేస్తే కూడా ఇలాగే వస్తుందా?

పోయేముందు ఒక హోమ్‌వర్క్. ఒకేలాంటి రెండు ప్లాస్టిక్ సీసాల్లో సగం దాకా నీళ్లు పోయండి. ఒకదాంట్లో రెండు చెంచాల ఉప్పు వేసి పూర్తిగా కరిగించండి. రెండూ తేటపడ్డాక, రెండు చేతుల్లో పట్టుకుని ఒకేసారి అయిదు సెకన్లు గట్టిగా ఊపి బల్ల మీద పెట్టండి. స్లో మోషన్ ఆన్ చేయడం మర్చిపోవద్దు. ఉప్పు నీళ్లలో సన్నటి బుడగలు తెల్లగా కాసేపు నిలుస్తాయి. మంచి నీళ్లలో అవి గబగబా కలిసి, పెద్దవై, పైకి పోతాయి.

సూపర్ కంప్యూటర్లు ఇంకా లెక్క తేల్చలేని ఆ తేడా, రెండు చెంచాల ఉప్పుతో మీ ఫోన్‌లో కనబడుతుంది.